గురి చూసి వదిలితే తప్పుతుంది!

2024 మార్చి 18. అద్దంకి సమీపంలో, కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిపై ఆ వేళ లారీల్లేవు, బస్సుల్లేవు. వాయుసేన వారి ఏఎన్-32, డోర్నియర్ విమానాలు వచ్చి రోడ్డు మీద దిగాయి, మళ్లీ ఎగిరిపోయాయి. సుఖోయ్-30, హాక్ విమానాలైతే దిగుతున్నట్టే కిందికొచ్చి, అంతలోనే రయ్యిమని పైకి లేచిపోయాయి. అంతకుముందు 2022 డిసెంబరు 29న కూడా ఇక్కడ విమానాలతో పరీక్ష జరిగింది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున్న కాంక్రీటు రోడ్డు ఇది. అత్యవసరమైతే రన్‌వే. మిగతా రోజుల్లో మిర్చి బస్తాల లారీలు తిరిగే మామూలు దారే.

అలాంటి దృశ్యం చూసొచ్చిన కుర్రాడికి కంప్యూటర్ ముందు కూర్చోగానే యుద్ధవిమానాల ఆట ఆడాలనిపించడంలో వింతేముంది? ఎగరడం, ఎదుటి విమానాన్ని తరమడం ఎలాగోలా పట్టుబడతాయి. బాంబు వెయ్యడం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. వంతెన సరిగ్గా తన కిందికి రాగానే మీట నొక్కుతాడు. బాంబు వంతెన దాటి ఎక్కడో పొలంలో పడుతుంది. మళ్లీ నొక్కుతాడు.. మళ్లీ పొలమే!

పధ్నాలుగు సెకన్లు

విమానం వదిలిన బాంబు నిట్టనిలువునా పడదు. అప్పటిదాకా విమానానికున్న వేగమే దానికీ ఉంటుంది కాబట్టి పడుతూనే ముందుకు సాగుతుంది. కదిలే బస్సులోంచి దిగినవాడు నాలుగడుగులు పరుగెత్తక తప్పదు కదా.. అలాగన్నమాట.

కొరిశపాడు రోడ్డునే కొలబద్దగా తీసుకోండి. దాని మొదట్లో, కిలోమీటరు ఎత్తున, గంటకు 360 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం బాంబు వదిలిందనుకుంటే అది నేలను చేరడానికి దాదాపు 14 సెకన్లు పడుతుంది. సెకనుకు వంద మీటర్ల చొప్పున ఈలోగా 1,400 మీటర్లు ముందుకెళ్తుంది. అంటే రోడ్డులో మూడోవంతు దాటాక పడుతుంది. గాలి అడ్డుకోవడం వల్ల ఆ దూరం కాస్త తగ్గుతుందంతే. ఎత్తు రెట్టింపు చేస్తే సమయం రెట్టింపు కాదు, 20 సెకన్లే. ఇంటర్ భౌతికశాస్త్రంలో ప్రక్షేపకాల పాఠం చదివినవారికి ఇది కొత్త కాదు. కాకపోతే పరీక్షలో లెక్క తప్పితే మార్కులు పోతాయి, ఇక్కడ వంతెన మిగిలిపోతుంది.

ఈ లెక్క నేర్పడంలో 2001లో రష్యన్లు తయారుచేసిన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’, 2003లో దాని తరువాయిగా వచ్చిన ‘ఫర్గాటెన్ బ్యాటిల్స్’ లెక్కల మాస్టారంత కఠినం. జర్మనీ బాంబరు హైంకెల్-111 ఎక్కితే, గురిచూసే యంత్రంలో ఎత్తు, వేగం ఆటగాడే నింపాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మీటరు చూపే ఎత్తు సముద్రమట్టం నుంచి. లక్ష్యం గుట్ట మీదుంటే ఆ గుట్ట ఎత్తు తీసెయ్యాలి. వేగానిదీ అదే తంతు. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి మీటరు తక్కువ చూపిస్తుంది. మూడు కిలోమీటర్ల ఎత్తులో 300 చూపిస్తే అసలు వేగం 350కి దగ్గర. ఇవన్నీ సరిచేశాక పక్కగాలి తోసేస్తుంది!

ఇంత లెక్క వద్దనుకునేవారు నిటారుగా దూకుతారు. ముక్కు ఎటుంటే బాంబూ ఇంచుమించు అటే పోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ‘స్టూకా’ విమానం చేసిందిదే. ఇందులో ప్రమాదం మరోటి. లక్ష్యాన్నే కళ్లార్పకుండా చూస్తూ, పైకి లేవాల్సిన సంగతే మరిచిపోయి నేలను గుద్దుకుంటారు. లేచినా, ఆ ఒత్తిడికి రక్తం తలకెక్కక కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే స్టూకాలో దానంతటదే ముక్కు పైకెత్తే ఏర్పాటు ఉండేది. మంచి ఆటల్లో ఆ క్షణాన తెర కూడా నల్లబడుతుంది.

చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించినట్టు నీటి మీద బాంబును గెంతించే పద్ధతీ ఉంది. 1943 మార్చిలో బిస్మార్క్ సముద్రంలో అమెరికా, ఆస్ట్రేలియా విమానాలు జపాన్ నౌకల బారు మీద పడ్డప్పుడు దీన్ని వాడారు. ఆ బారులోని 8 రవాణా నౌకలూ, 4 డిస్ట్రాయర్లూ మునిగాయి. ఇలాంటి బాంబు తగలగానే పేలకూడదు. కొన్ని సెకన్లు ఆగాలి. లేకుంటే పేలుడులో చిక్కుకునేది వేసినవాడే.

పొలంలో ఎవరున్నారు?

ఆటలో గురి తప్పితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. నిజంగా ఎన్ని తప్పాయి? 1941లో బ్రిటన్ తన బాంబర్లు తీసిన ఫొటోలను పరిశీలింపజేసింది. లక్ష్యాన్ని కొట్టామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటే అయిదు మైళ్ల లోపు వెళ్లిందని తేలింది. అయిదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు.. కొరిశపాడు రన్‌వేకు ఇంచుమించు రెండింతలు! మిగతా బాంబులు ఎవరి ఇళ్లమీద, ఎవరి చేలలో పడ్డాయో.

కోస్తా వారికి ఇది దూరపు కథేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భయంతో జనం విశాఖ వదిలి పల్లెలకు తరలిపోయారు. ఆటలోని ఊళ్లలో ఇళ్లుంటాయి, వంతెనలుంటాయి, పరుగెత్తే మనుషులు మాత్రం కనిపించరు. పిల్లాడి పక్కన కూర్చున్న పెద్దలు చెప్పాల్సిందేదైనా ఉంటే అది ఆ ఖాళీ వీధుల గురించే.

అన్నట్టు, ఈ పధ్నాలుగు సెకన్ల లెక్క బాంబుకే కాదు, అన్నం పొట్లానికీ వర్తిస్తుంది. వరదలో చిక్కుకున్న ఊరికి విమానంలోంచి మూట వదిలేవారూ ముందే వదలాలి. గాలివాటు చూసుకోవాలి. తప్పితే మూట నీళ్లపాలు. కొరిశపాడు లాంటి రన్‌వేలు యుద్ధానికే కాదు, తుపాన్ల వంటి విపత్తుల్లో సాయం చేర్చడానికి కూడా. ఆ రోజు రోడ్డు మీద నిజంగా దిగినవి సుఖోయ్‌లు కావు, మనుషుల్నీ సరుకుల్నీ మోసే ఏఎన్-32, డోర్నియర్‌లే. దిగాక తలుపు తీసి బస్తా చేతికందిస్తే సరిపోతుంది.. ఎత్తు, వేగం, పక్కగాలి ఏదీ చూసుకోనక్కర్లేదు.