ఓర్కిడ్ ప్రవేశం: ఏపీఐ క్లయింట్ నిర్మాణంలో గుర్తింపు, అనుమతి

ఉపోద్ఘాతం:
పరిశోధకుల పేరు ఒకటే అయినా రోమన్ లిపిలో దాని రూపాలు అనేకం. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా, ఇంకొకచోట చివరన కనిపిస్తుంది. తెలుగువారి పేర్లలో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. దీనివల్ల ఒకరి వ్యాసాలు ఇద్దరివిగా నమోదు కావచ్చు. ఒకే పేరున్న ఇద్దరి కృషి కలిసిపోవచ్చు. ఈ సమస్యకు పరిష్కారంగా 2012 అక్టోబరులో ఓర్కిడ్ సేవ ప్రారంభమైంది. ఇది పరిశోధకులకు 16 స్థానాల గుర్తింపు సంఖ్యనిస్తుంది. ఒక పత్రిక తన వెబ్‌సైటులో ‘ఓర్కిడ్‌తో ప్రవేశం’ అనే సదుపాయాన్ని ఎలా నిర్మించుకుంటుందో, అందులో యంత్రం చేసే పని ఎంతో, మనిషి బాధ్యత ఎంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వివరణ నుండి క్లయింట్:
ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును సమాచారం అడగడానికి ఏర్పరచిన నియమబద్ధమైన మార్గం ఏపీఐ. ఆ నియమాల ప్రకారం అడిగి, జవాబును అందుకునేది క్లయింట్. ఏ చిరునామాకు ఏ అభ్యర్థన పంపాలో, జవాబు ఏ రూపంలో వస్తుందో యంత్రం చదవగలిగేలా రాసిన పత్రం ఓపెన్ ఏపీఐ వివరణ. దీని పూర్వరూపమైన స్వాగర్, వర్డ్‌నిక్ అనే ఆన్‌లైన్ నిఘంటువు సంస్థలో పుట్టింది. 2016లో అది ఓపెన్ ఏపీఐ అనే పేరు పొందింది. ఓర్కిడ్ తన ఏపీఐకి ఇటువంటి వివరణను అందిస్తోంది.

ఓపెన్ ఏపీఐ జనరేటర్ వంటి ఉపకరణం ఈ వివరణను చదివి పైథాన్, జావా మొదలైన భాషలలో క్లయింట్ కోడ్‌ను సిద్ధం చేస్తుంది. వ్యాకరణసూత్రాల నుండి రూపసిద్ధి జరిగినట్లే ఇక్కడ వివరణ నుండి కోడ్ సిద్ధిస్తుంది. సూత్రం చెప్పనిది రూపంలోకి రాదు.

2. పాస్‌వర్డ్ చెప్పకుండా గుర్తింపు:
ఓర్కిడ్ ప్రవేశానికి ఆధారం ఓఆత్ 2.0 అనే ప్రమాణం. ఇది 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6749గా వెలువడింది. దాని క్రమం ఇది:

అ) పత్రిక వెబ్‌సైటు పరిశోధకులను ఓర్కిడ్ పుటకు పంపుతుంది.
ఆ) వారు అక్కడే పాస్‌వర్డ్ ఇచ్చి, పత్రిక కోరిన అనుమతికి సమ్మతిస్తారు.
ఇ) ఓర్కిడ్ వారిని ఒక్కసారి మాత్రమే చెల్లే కోడ్‌తో వెనక్కు పంపుతుంది.
ఈ) పత్రిక సర్వర్ ఆ కోడ్‌ను, తన క్లయింట్ రహస్యాన్ని ఓర్కిడ్‌కు సమర్పించి యాక్సెస్ టోకెన్ పొందుతుంది. టోకెన్‌తోపాటు గుర్తింపు సంఖ్య కూడా వస్తుంది.

పాస్‌వర్డ్ పత్రిక చేతికి రానేరాదు. అంతేకాక, ఈ సంఖ్య ఎవరో టైపు చేసినది కాదు. టైపు చేసిన సంఖ్యలో ఒక అంకె తప్పు కావచ్చు, లేదా అది వేరొకరిది కావచ్చు. ప్రవేశం ద్వారా వచ్చిన సంఖ్య ఆ ఖాతాను తెరిచిన వారిదే.

3. గుర్తింపు వేరు, అనుమతి వేరు:
‘వీరు ఎవరు’ అన్నది గుర్తింపు. ‘వీరి తరఫున ఏమి చేయవచ్చు’ అన్నది అనుమతి. అనుమతి పరిధిని స్కోప్ అంటారు. కేవలం సంఖ్యను తెలుసుకోవడానికి ‘ఆథెంటికేట్’ అనే స్కోప్ చాలు. ఉచితమైన పబ్లిక్ ఏపీఐతోనే ఇది సాధ్యం. పరిశోధకుల ఖాతాలో వ్యాసాన్ని చేర్చడానికి వేరే స్కోప్, ఓర్కిడ్ సభ్యత్వం అవసరం. అవసరానికి మించిన స్కోప్‌ను కోరడం ఔచిత్యం కాదు.

4. జనరేటర్ చేయని పనులు:
జనరేటర్ రాసిన క్లయింట్‌లో టోకెన్‌ను ఉంచే చోటు ఉంటుంది. ఆ టోకెన్‌ను సంపాదించే పై నాలుగు దశలను సాధారణంగా మనమే రాసుకోవాలి. అందులో మూడు జాగ్రత్తలు ముఖ్యం.

మొదటిది, క్లయింట్ రహస్యం సర్వర్‌లోనే ఉండాలి. బ్రౌజర్‌కు చేరే కోడ్‌లో గానీ, బహిరంగ భాండాగారంలో గానీ ఉండరాదు. రెండవది, ప్రతి ప్రవేశానికీ ఊహకందని ‘స్టేట్’ విలువను పంపి, తిరిగివచ్చినప్పుడు సరిపోల్చాలి. లేకుంటే ఇతరులు తమ కోడ్‌ను మధ్యలో చొప్పించగలరు. మూడవది, టోకెన్‌ను భద్రపరచాలి. ఓర్కిడ్ టోకెన్ గడువు సుమారు 20 ఏళ్లు. పరిశోధకులు తమ ఖాతా అమరికలలో దానిని ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. కానీ దొంగిలించబడిన సంగతి తెలిస్తేనే కదా రద్దు చేసేది! అసలు ఖాతాలను తాకకుండా సాధన చేయడానికి ఓర్కిడ్ శాండ్‌బాక్స్‌ను నిర్వహిస్తోంది.

ముగింపు:
క్లయింట్ కోడ్‌ను యంత్రం క్షణాలలో రాయగలదు. ఏ అనుమతి కోరాలి, ఏ రహస్యం ఎక్కడ దాచాలి అన్న నిర్ణయాలు మాత్రం నిర్మించేవారివే. వ్యాసం కింద కర్త పేరును సరిగా ముద్రించడం పత్రిక ధర్మమైనట్లే, ఆ పేరుకు మూలమైన ఖాతాను కాపాడటమూ పత్రిక ధర్మమే.