లారీ కంటే ముందు బిల్లు వెళ్లొస్తుంది

హైదరాబాద్ దగ్గరి సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది 2017లో. జీఎస్టీ మొదలైందీ ఆ ఏడాదే. ఇలాంటి చోట సరుకు గేటు దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేలోపు, దాని బిల్లు ప్రభుత్వ సర్వర్ దాకా వెళ్లి ముద్ర వేయించుకు రావాలి. 2017-18 నుంచి ఏ ఏడాదైనా 5 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీ ఇంకో వ్యాపారికి అమ్మితే, 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ అనే ఈ తంతు తప్పదు. ఆఫీసులోని సాఫ్ట్‌వేర్‌కూ ఆ సర్వర్‌కూ లంకె కుదిర్చేవాళ్లను అడిగితే చిత్రాలు బోలెడు చెబుతారు.

ముద్రగా తిరిగొచ్చే ఐఆర్ఎన్ (ఇన్వాయిస్ రిఫరెన్స్ నంబరు) పొడవు 64 అక్షరాలు. అమ్మేవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు... ఈ నాలుగింటినీ కలిపి షా-256 అనే గణితంలో వేస్తే పుట్టేది అది. కొన్నదెవరో, ధర ఎంతో అందులో లేవు! లక్ష బిల్లును కోటి అని కొట్టినా ఐఆర్ఎన్ మారదు.

ప్రోగ్రామర్లకు ఇదే శ్రీరామరక్ష. బిల్లు పంపాక జవాబు వచ్చేలోపు నెట్ పోయిందనుకోండి. అందిందో లేదో తెలియదు. మళ్లీ పంపేయడమే. అప్పటికే నమోదై ఉంటే 2150 అనే ఎర్రర్ వస్తుంది, అంటే 'ఇది ముందే వచ్చింది' అని. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారుపడతారు గానీ, నిజానికి అది శుభవార్త.

ఇక ఆఫీసు వైపు చూస్తే, 1986లో పుట్టిన ట్యాలీ సాఫ్ట్‌వేర్ లెక్కల పుస్తకమే కాదు, సర్వర్ కూడా. మామూలుగా 9000 పోర్టు దగ్గర కూర్చుని ఎక్స్ఎమ్ఎల్‌లో అడిగినవాటికి జవాబిస్తుంది. దాని యాస వేరు. 2025 ఏప్రిల్ 1ని 20250401 అంటుంది; ఈ-ఇన్వాయిస్‌కేమో 01/04/2025 కావాలి. పైగా డెబిట్ మొత్తానికి ముందు మైనస్ పెడుతుంది. లంకె కుదిర్చే ఫ్రేమ్‌వర్క్ ఎంత ఖరీదైనదైనా ఈ గుట్టు దానికి తెలియదు, మనం రాసే నాలుగు లైన్లకే తెలియాలి.

ఏప్రిల్‌లో బిల్లు నంబర్ల కొత్త సిరీస్ 001తో మొదలుపెడితే బిల్లు వెనక్కొస్తుంది. నంబరు సున్నాతో మొదలుకాకూడదు, 16 అక్షరాలు మించకూడదు.

 

తెలంగాణ జీఎస్టీ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. మామూలుగా సుల్తాన్‌పూర్ సరుకు పటాన్‌చెరు వెళితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ; రాష్ట్రం దాటి విజయవాడ వెళితే ఐజీఎస్టీ.

తప్పు బిల్లును 24 గంటల్లోపే రద్దు చేయాలి. ఆ తర్వాత క్రెడిట్ నోటు లాంటి దారులే వెతుక్కోవాలి. రద్దయిన బిల్లు నంబరును మళ్లీ వాడబోతే సర్వర్ ఒప్పుకోదు. ఆ నాలుగు వివరాలతో వచ్చే ఐఆర్ఎన్ మళ్లీ అదే కదా!