మలేరియా జీవి వెంట తెచ్చుకునే యంత్రం

ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. కొత్త ప్రొటీన్లు తయారుచేసే ఏర్పాటు లేదు, వాటిని చేరవేసే వ్యవస్థా లేదు. ఉన్నదంతా దాదాపు హీమోగ్లోబినే. అలాంటి కణంలోకి ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి చొరబడుతుంది. చొరబడుతూనే చుట్టూ ఒక పొర కప్పుకుంటుంది. దాని ప్రొటీన్లు కణంలోకి చేరాలంటే ఈ పొరను దాటాలి. దాటించే సాధనం మన కణంలో లేదు. అందుకే దాన్ని కూడా పరాన్నజీవే వెంట తెచ్చుకుంటుంది.

ఆ సాధనం పేరు పీటెక్స్. 1880లో లావెరాన్ అనే వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలో ఈ పరాన్నజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో దాని జాడ పట్టుకున్నాడు. పీటెక్స్ దొరకడానికి మాత్రం ఇంకో శతాబ్దం పైగా పట్టింది. 2004లో మెల్బోర్న్, షికాగో బృందాలు వేర్వేరుగా ఒకే సంగతి బయటపెట్టాయి: కణంలోకి వెళ్లాల్సిన ప్రొటీన్లలో చాలావాటి మొదటి భాగంలో అమైనో ఆమ్లాల చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. వాటికి ఒకే గుర్తు ఉందంటే, అవి వెళ్లే దారి కూడా ఒకటే అయి ఉండాలి. ఆ దారి 2009లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలకు చిక్కింది. అది ఐదు ప్రొటీన్ల కూటమి. 2018లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు దాన్ని నేరుగా పరాన్నజీవి నుంచే వేరుచేసి, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దాని నిర్మాణాన్ని చూపించారు.

పైన ఆరు భాగాల మోటారు, హెచ్ఎస్‌పీ101. కింద పొరలో దిగిన ఏడు భాగాల రంధ్రం, ఈఎక్స్‌పీ2. ఈ రెండింటినీ కలిపి ఉంచేది పీటెక్స్150. ముడుచుకుని ఉన్న ప్రొటీన్ ఆ రంధ్రంలో పట్టదు. మోటారు ఏటీపీ శక్తిని ఖర్చుచేసి ప్రొటీన్ మడతలు విప్పి, సూదిలోకి దారం ఎక్కించినట్టు అవతలికి పంపుతుంది. కంటికి కనిపించని జీవిలో ఇంత నేర్పైన పనితనం చూస్తే నాకు ఆశ్చర్యమూ భయమూ కలుగుతాయి.

భయం ఎందుకంటే, అలా వెళ్లిన ప్రొటీన్లు కణం రూపురేఖలే మార్చేస్తాయి. పైన చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వాటి మీద పీఎఫ్ఈఎంపీ1 అనే ప్రొటీన్ నిలిచి, కణాన్ని రక్తనాళాల గోడలకు అంటిస్తుంది. అంటుకున్న కణం ప్లీహానికి దొరకదు. మెదడు రక్తనాళాల్లో ఇదే జరిగితే ప్రాణాపాయం.

అయితే పరాన్నజీవి బలహీనతా ఇక్కడే ఉంది. 2014లో రెండు బృందాలు పీటెక్స్‌ను ఆపి చూశాయి. ప్రొటీన్ల రవాణా నిలిచింది, పరాన్నజీవి ఎదుగుదలా ఆగింది. వందల రకాల ప్రొటీన్లు ఒకే దారిని నమ్ముకున్నప్పుడు, ఒక్కో ప్రొటీన్ వెంట పడటం కంటే ఆ దారిని మూయడమే మేలు. పరిశోధన అటు సాగాలని నా గట్టి అభిప్రాయం.

ఈ దారిని మూసే మందు ఇంకా రోగులకు అందుబాటులోకి రాలేదు. ఫాల్సిపారం సోకిన కణాలు రక్తనాళాల గోడలకు అంటుకోవడానికి ఒకటి రెండు రోజులు చాలు. కాబట్టి చలిజ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా మందులు చివరిదాకా వాడండి.