చెడిన బండిని చిన్న ట్రాక్టరుతో లాగు విధము

వరిమడి దమ్ము చేయుటకును, కూరగాయల తోటలలో దున్నుటకును మన నిజాంపేట ప్రాంతపు రైతులు చిన్న ట్రాక్టరులను కొనుచున్నారు. దారిలో ఎవరి ఆటోట్రాలీయో, కారో చెడి నిలిచినచో, ఆ ట్రాక్టరునే తెచ్చి లాగించుట వాడుకయైనది. ఇరుగుపొరుగు వారికి సాయపడుట సహకారధర్మమే. కాని ఈ పనిలో ప్రాణాపాయము గలదు. దానిని తప్పించుకొను విధమును ఇందు వివరించుచున్నాము.

లాగుట కాదు, ఆపుట ముఖ్యము

ట్రాక్టరు బండిని లాగగలదా యని అందరును అడుగుదురు. ఆపగలదా యని అడుగువారు తక్కువ. 800 కిలోల ట్రాక్టరు వెనుక 1,000 కిలోల కారును కట్టితిమనుకొందము. ట్రాక్టరు బ్రేకులు ఒక్కసారిగా 1,800 కిలోలను, అనగా తమ బరువునకు రెండింతలకు మించిన దానిని ఆపవలసి వచ్చును. వేగము రెండింతలైనచో ఆపుటకు కావలసిన శక్తి నాలుగింతలగును. కావున మనిషి నడక వేగమును మించరాదు. దుక్కిలో మలుపుకై వేరుచేసిన కుడి యెడమ బ్రేకు పెడళ్ళను కలిపి కొక్కెము వేయవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి ట్రాక్టరు ప్రక్కకు తిరుగును. ట్రాక్టరుకంటె బరువైన బండిని చెరువుకట్ట వాలు మీద లాగుటకు పూనుకొనరాదు. బ్రేకు చెడిన బండిని త్రాడుతో ఎన్నడును లాగరాదు. వాలులో అది ట్రాక్టరును వెనుకనుండి గుద్దును.

త్రాడు కట్టు చోటు

ఇందు మా తప్పునే ఉదాహరణముగా చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట బురదలో కూరుకొనిన ఆటోట్రాలీని లాగుటకై, త్రాడు నేలకు రాచుకొనకుండునని తలచి, టాప్ లింకు తగిలించు పైచోటునకు కట్టితిమి. క్లచ్చి వదలినంతనే ట్రాక్టరు ముందు చక్రములు మూరెడెత్తు లేచినవి. వెంటనే క్లచ్చి త్రొక్కుటచేత బ్రతికితిమి.

దీనికి కారణమిది. బండి కదలక మొరాయించినపుడు వెనుక చక్రములు ముందుకు సాగజాలవు. ఇంజను బలము ట్రాక్టరు ముందుభాగమును పైకెత్తును. త్రాడు వెనుక ఇరుసుకంటె ఎత్తున నున్నచో అదియు వెనుకకే పడలాగును. ఒకటి రెండు సెకండ్లలో ట్రాక్టరు తోలువానిమీద బోర్లపడును. దుముకుటకు వ్యవధి యుండదు. స్వీడన్ దేశమున 1959వ సంవత్సరము నుండియే క్రొత్త ట్రాక్టరులకు తోలువానిని కాపాడు ఉక్కు చట్రము ఉండి తీరవలెనని శాసించిరి. అందువలన అచట ఇట్టి మరణములు మిక్కిలి తగ్గినవి. ఆ చట్రము లేని ట్రాక్టరులు మనయందు పెక్కు కలవు. కావున త్రాడును ఇరుసుకంటె క్రిందనున్న డ్రాబారునకే కట్టుడు. చెడిన బండికి లాగుటకై అమర్చిన కొక్కెమునకే తగిలింపుడు. బంపరునకుగాని, స్టీరింగు కడ్డీకిగాని కట్టకుడు.

లాగునపుడు

బావిలో మోటారు దింపిన పాత నైలాను త్రాడు పనికిరాదు. అది సాగి సాగి తెగినపుడు కొరడావలె వచ్చి కొట్టును. త్రాడు నడుమ తడిగోనె వేసినచో ఆ దెబ్బ కొంత తగ్గును. త్రాడు పొడవునకు రెండింతల దూరములో పిల్లలనుగాని, చూడవచ్చినవారినిగాని నిలువనీయకుడు. బిగిసిన త్రాడును ఎవ్వరును దాటరాదు.

చెడిన బండిలో లైసెన్సుగల మనిషి కూర్చుండవలెను. తాళపుచెవి తిప్పియుంచనిచో స్టీరింగు బిగిసిపోవును. ఇంజను ఆగినపుడు బ్రేకును స్టీరింగును బరువెక్కునని అతనికి ముందే చెప్పుడు. గేరు న్యూట్రలులో నుంచి, హ్యాండుబ్రేకు వదలవలెను. ట్రాక్టరును తక్కువ గేరులో మెల్లగా కదలించి, త్రాడు బిగిసిన పిమ్మటనే లాగవలెను, జాడించి లాగరాదు. బండి కదలనిచో బలవంతము చేయక, చక్రముల ముందు మట్టి త్రవ్వి పలక వేయుడు. ఆటోమాటిక్ గేరు కార్లను, బ్యాటరీ బండ్లను చక్రములమీద లాగినచో లోపలి యంత్రము చెడవచ్చును. వాటిని లారీ మీద ఎక్కించుటయే మేలు.

రోడ్డు మీద

రెండు బండ్ల నడుమ ఎడము 5 మీటర్లకు మించరాదని రహదారి నియమము. త్రాడునకు ఎఱ్ఱగుడ్డ కట్టి, వెనుక బండికి లాగబడుచున్నదని తెలుపు పలక తగిలింపవలెను. చీకటిలో ఈ పని మానుకొనుడు. కేజీవీల్సుతో తారురోడ్డు ఎక్కకుడు. రామాయంపేట కడ 44వ నెంబరు జాతీయ రహదారి మీద బండి ఆగినచో, చిన్న ట్రాక్టరుతో పోక 1033 నెంబరునకు ఫోను చేసి క్రేనును పిలిపింపుడు.

మంచి త్రాటిని, కొక్కెములను, ఇనుప లాగుడు కడ్డీని ప్రతివారును కొననక్కరలేదు. సభ్యులు ఉమ్మడిగా ఒక జత కొని సంఘపు గోదాములో ఉంచుకొన్నచో, అవసరమైన నాడు పాత త్రాటికై వెదకు పని తప్పును. రాబోవు సభలో ఈ విషయమును ఆలోచింప కోరుచున్నాము.