తొమ్మిదిలో బడి మార్చాలా?

తూప్రాన్ చుట్టుపక్కల ఎంతోమంది పిల్లలకు అక్షరాభ్యాసం వర్గల్ గుట్ట మీది సరస్వతి గుడిలోనే జరుగుతుంది. పలక పట్టిన ఆ చేయి ఎనిమిదో తరగతి నోట్‌బుక్ దాకా వచ్చేసరికి వర్గల్ పేరు ఇంట్లో మళ్లీ వినపడుతుంది. ఈసారి గుడి గురించి కాదు, అక్కడి నవోదయ హాస్టల్ బడి గురించి. "తొమ్మిదిలో కూడా తీసుకుంటరంట, మన పిల్లతోని రాయిద్దామా?" అని.

తీసుకుంటారు, నిజమే. నవోదయలో అసలు ప్రవేశం ఆరో తరగతిలో. బడికి 80 సీట్లు, పిల్లలకు ఒక్కటే అవకాశం. మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే మిగిలిన ఖాళీలకే తొమ్మిదిలో పరీక్ష పెడతారు. కాబట్టి ఈ దారి ఇరుకైనది. ఖాళీలు ఎన్నుంటే అంతే. రెండున్నర గంటల పరీక్షకు 100 మార్కులు. గణితం 35, సైన్స్ 35, ఇంగ్లిష్ 15, హిందీ 15. ఆ హిందీ 15ను చాలామంది తల్లిదండ్రులు లెక్కలోకే తీసుకోరు. ఆరు నుంచి నేర్చుకుంటున్న హిందీ ఏ మాత్రం వంటబట్టిందో ఇక్కడే బయటపడుతుంది.

మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, ఒకచోట చేర్చి చదివించాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1971లో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టారు. తర్వాత ఆయన కేంద్రంలో విద్య చూసే మంత్రి అయ్యాక నవోదయలు చాలా రాష్ట్రాలకు పాకాయి. ఊరి పిల్లలకు పట్నం స్థాయి చదువు అందించాలన్నది ఉద్దేశం. అది చాలా ఇళ్లలో నెరవేరింది కూడా. చదువు, తిండి, వసతి ఉచితం. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల వికాస్ నిధి కట్టాల్సి ఉన్నా ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, పేద కుటుంబాలకు అదీ మినహాయింపే. కలిగినవాళ్లు హైదరాబాద్ హాస్టళ్లకు లక్షలు కట్టే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

మరి సీటు వస్తే కళ్లు మూసుకుని పంపేయవచ్చా? నా దృష్టిలో తొందర వద్దు.

ముందు ఒక అధ్యయనం సంగతి. అమెరికాలో బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే పేరున్న సర్కారు హైస్కూళ్లు ఉన్నాయి. వాటిలో కటాఫ్‌కు కాస్త పైన నిలిచి సీటు పొందిన పిల్లల్ని, కాస్త కింద ఆగి మామూలు బడిలో చదివిన పిల్లల్ని ముగ్గురు ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో రెండు గుంపుల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. బడి గొప్పదని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఆ బడి ఏరుకున్న పిల్లల గొప్పతనమే. అమెరికా మామూలు బడి, మన మామూలు బడి ఒకటి కావన్నది నిజమే. మన దగ్గర సైన్స్ టీచరే లేని బడి ఉండవచ్చు. అందుకే నవోదయ ఎంత గొప్పదని అడిగే ముందు, పిల్ల ఇప్పుడు చదివే బడిలో గణితం, సైన్స్ ఎవరు చెబుతున్నారు, ఎట్లా చెబుతున్నారు అని అడగాలి. అవి బాగుంటే తొందర అక్కర్లేదు. లేకపోతే ఆ పరిశోధన మీకు వర్తించదు.

చాలామంది చూసుకోని లెక్క ఇంకొకటుంది. అది ఇంకో సరస్వతి ఉన్న ఊళ్లో ఉంది. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల ఇంజినీరింగ్‌లో చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీ సంగతి ఇది. 2008లో మొదలైన ఈ సంస్థ, హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు ప్రవేశాల్లో కొంత ఆసరా ఇస్తూ వచ్చింది. పదికి లెక్కగట్టే గ్రేడుకు 0.4 కలిపేవారు. ఏ వసతీ లేకుండా చదివి ఇంత తెచ్చుకున్నారన్న మన్నన అది. తూప్రాన్ జిల్లా పరిషత్ హైస్కూల్లో మొదటి వరుసలో ఉన్న పిల్లకు అది పెద్ద అండ. నవోదయకు వెళ్తే ఆ అండ పోతుంది, ఎందుకంటే అది హాస్టల్ బడి. వర్గల్ వైపు నడిస్తే బాసర కొంచెం దూరమవుతుందన్నమాట. బాసర నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచాలి. ఉద్యోగాల్లో స్థానికత గురించి మాత్రం దిగులు వద్దు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దానికి ఒకటి నుంచి ఏడు వరకు ఎక్కడ చదివారన్నదే లెక్క.

మిగిలింది పిల్ల మనసు. తొమ్మిదిలో చేరేవాళ్లు అప్పటికే మూడేళ్లు కలిసి బతికిన గుంపులోకి వెళ్తారు. దానికి తోడు, నవోదయల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతానికి పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి రప్పిస్తారు. కాబట్టి పక్క మంచం మీద పడుకునేది హిందీ తప్ప తెలుగు రాని పిల్ల కావచ్చు. కొందరికి అది పండగ, కొందరికి రాత్రంతా ఏడుపు. పైగా నవోదయ నడిచే సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి ఒకే కోర్సు. మధ్యలో వెనక్కి వస్తే సిలబస్ మారుతుంది, బోర్డు మారుతుంది, చాలా పోతుంది. ఊళ్లో క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లకు అక్కడ ఇరవయ్యో ర్యాంకు రావచ్చు. ఆ ర్యాంకు చూసి మనం ముఖం చిట్లిస్తే తప్పు మనదే.

నా తీర్పు ఇదీ. ఇంటి దగ్గరి బడిలో టీచర్లు కరువై, పిల్ల తనంతట తాను వెళ్తానంటే, సీటు వచ్చిన రోజే పెట్టె సర్దండి. బడి బాగుండి, పిల్ల ఊగిసలాడుతుంటే ఉండనివ్వండి. ఆ రెండేళ్లు హిందీ, ఇంగ్లిష్ గట్టిచేసుకుంటే చాలు. పక్కింటివాళ్ల అబ్బాయి వెళ్లాడన్నది కారణం కాదు.

దరఖాస్తుకు ఫీజు లేదు. రాయించండి. ఫలితాలు రాకముందే, తల్లిదండ్రుల్ని కలవనిచ్చే ఒక ఆదివారం పిల్లను బైకు మీద కూచోబెట్టుకుని వర్గల్ వెళ్లి, తొమ్మిదిలో చేరిన పిల్లలతో మాట్లాడించండి. మీరు మాత్రం కాస్త దూరంగా నిలబడండి.