స్త్రీలును బలపరీక్షయు

దేహబలము పురుషుల సొత్తనియు, స్త్రీకి సౌకుమార్యమే చాలుననియు తలంచువారింకను గలరు. అట్టివారు 2025వ సంవత్సరము మే నెలలో బొంబాయి నగరమున జరిగిన హైరాక్సు పోటీని చూడవలసియుండెను. జర్మనీలోని హాంబర్గు నగరమున 2018లో ప్రారంభమైన యీ పోటీ మన దేశమున జరుగుట అదియే ప్రథమము.

ఇందు ఒక కిలోమీటరు పరుగు, వెంటనే యొక బలకార్యము, ఇట్లెనిమిది మారులు. చక్రములులేని బరువుబండిని త్రోయుట, త్రాటితో లాగుట, తెడ్డువేయు యంత్రమును నడపుట మున్నగునవి యా కార్యములు. ఆరవదానియందు సామాన్యశ్రేణి స్త్రీలు చేతికి 16 కిలోల చొప్పున రెండు బరువులు గొని 200 మీటర్లు నడువవలెను. నిండుబిందెలు మోసిన చేతులకిది క్రొత్తగాదు!

నేను శిక్షకురాలనై వెళ్లితిని. కంచె వెలుపల నిలిచి పిలుచుటకన్న అచట శిక్షకులు చేయగలది లేదు. నా శిష్యురాండ్రలో నొకతె, ఇద్దరు బిడ్డల తల్లి, తొలి పరుగులను అతివేగముగా ముగించి, అయిదవ పరుగునకు నీరసించెను. “నడువుమమ్మా, నిలువకుము” అంటిని. ఆమె నడచి, ఊపిరి కూడదీసికొని, మరల పరుగెత్తి, కడముట్ట సాగించెను. బహుమానము రాలేదు, భయము మాత్రము పోయినది.

నెలాఖరువరకు బియ్యము సరిపెట్టు ఇల్లాలివలె శక్తిని పొదుపుగా వాడినవారే యిందు నిలుతురు. సోదరీమణులారా, దినమునకు అరగంట మీ దేహమునకై వినియోగింపుడు. ఇంటిల్లిపాదిని మోయు వెన్నెముకకును బలము కావలయును గదా!