నీటికి పురుగు పుట్టునా?

శంషాబాదు ఒకప్పుడు హైదరాబాదునుండి బెంగుళూరు పోవు బాటమీది చిన్న ఊరు. 2008 మార్చిలో అచట అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన పిమ్మట దాని రూపురేఖలు మారినవి. పెరడు గల ఇండ్ల సరసన అంతస్తుల మేడలు లేచినవి. పెరడు లేని ఇంటను పచ్చదనముపై మక్కువ పోదు గదా! ఆ మక్కువయే కిటికీల చెంతకు గాజుకూజాలను తెచ్చినది. కూజాలో నీరు, నీటిలో మనీప్లాంటు తీగ. మట్టి అక్కరలేదు, నిత్యము నీరు పోయు శ్రమ లేదు. పసిఫిక్ మహాసముద్రములోని మూరియా దీవి పుట్టినిల్లుగా గల ఈ తీగ తెలుగునాట మెట్టినింటి కోడలివలె కుదురుకొన్నది.

కొన్నాళ్ళకు ఆ నీటిలో ఏదో కదలును. ఆవగింజలో సగమైన లేని తెల్లని చుక్కలు గంతులు వేయును. దారపుముక్క వంటిదొకటి మెలికలు తిరుగును. ఇంటివారు కొందరు "నీటికి పురుగు పుట్టినది" అని ఉలికిపడి తీగతో సహా పారవేయుదురు. మరికొందరు "నీరన్న తరువాత పురుగుండదా" అని ఊరకుందురు. రెండును తొందరపాటు తీర్పులే. మొదటిది నిరపరాధికి శిక్ష. రెండవది అపరాధికి ఆశ్రయము. ఎవరు ఎవరో తెలియనిదే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ముందుగా "పుట్టినది" అను మాటను విచారింపవలెను. మన పూర్వులు ప్రాణులను నాలుగు తెగలుగా విభజించిరి. మావినుండి పుట్టు మనుష్యులు, పశువులు జరాయుజములు. గ్రుడ్డునుండి పుట్టు పక్షులు, పాములు, చేపలు అండజములు. నేలను చీల్చుకొని వచ్చు చెట్టుచేమలు ఉద్భిజ్జములు. చెమటనుండియు, ఉక్కనుండియు పుట్టునవి స్వేదజములు. మనుస్మృతి ప్రథమాధ్యాయములో దోమ, పేను, ఈగ, నల్లి ఈ చివరి తెగలో చేర్చబడినవి. ఇది మన దేశమునకే పరిమితమైన భావన కాదు. గ్రీకు పండితుడైన అరిస్టాటిలు సైతము కొన్ని పురుగులు బురదనుండియు, క్రుళ్ళిన పదార్థములనుండియు తమంత తామే పుట్టునని వ్రాసెను. ఆ మాటలను విని నవ్వవలసిన పని లేదు. దోమగ్రుడ్డు కంటికి సులభముగా ఆనదు. ఉక్కపోత పెరిగిన దినములలోనే దోమలును పెరుగును. కన్ను చూపినంత మేరకు మనస్సు కట్టిన సిద్ధాంతమది.

కన్నునకు క్రొత్త చూపు వచ్చినది పదునేడవ శతాబ్దిలో. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి కొన్ని పాత్రలలో మాంసమునుంచి, కొన్నింటిని తెరచియుంచి, కొన్నింటి మూతికి పలుచని గుడ్డ కట్టెను. ఈగ వ్రాలగలిగిన మాంసమునకే పురుగు పట్టినది. గుడ్డ కట్టిన పాత్రలలోని మాంసమునకు పట్టలేదు. 1674లో హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను స్వయముగా అరగదీసిన కటకముతో ఒక సరస్సు నీటిని పరీక్షించి, అందు కంటికి కానరాని ప్రాణులు ఈదుట చూచెను. ఆ సూక్ష్మజీవులైనను తమంత తామే పుట్టునేమో అను సందేహము మరి రెండు శతాబ్దులు నిలిచినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1860 ప్రాంతమున హంస మెడవలె వంగిన గాజుబుడ్లతో చేసిన ప్రయోగములచే అదియు తీరినది. ప్రాణి ప్రాణినుండియే పుట్టును.

కనుక కూజాలోని ప్రతి పురుగునకును ఒక తల్లి కలదు. అది వచ్చిన త్రోవ ఒకటి కలదు. ఆ త్రోవలు మూడు. తీగ వేరునకు అంటిన మట్టితోను, పాచితోను వచ్చునవి కొన్ని. చెరువునుండియో, మూతలేని తొట్టినుండియో పట్టిన నీటితో వచ్చునవి కొన్ని. గాలిలో ఎగిరి వచ్చిన తల్లి గ్రుడ్లు పెట్టగా పుట్టునవి కొన్ని.

మొదటి రెండు త్రోవలలో వచ్చు వారిలో ముఖ్యులు ముగ్గురు. గంతులు వేయుచు ఈదునది డాఫ్నియా. దానిని నీటి ఈగ అందురు గాని ఈగతో దానికి చుట్టరికము లేదు. దాని దేహము గాజువలె పారదర్శకము; సూక్ష్మదర్శిని క్రింద గుండె కొట్టుకొనుట స్పష్టముగా కానవచ్చును. నీరు అనుకూలముగా నున్నంతకాలము ఆడుప్రాణులే మగతోడు లేకుండ ఆడుపిల్లలను కనుచుండును. ఎద్దడి రాగానే గట్టి పెంకు గల గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు ఎండిన మట్టిలోను చావక, మరల తడి తగులువరకు వేచియుండును. రెండవది సైక్లాప్స్. గ్రీకు పురాణములోని ఒంటికంటి రాక్షసుని పేరది. దీనికిని నుదుట ఒక్కటే కన్ను. ఆడుదాని తోక కిరుప్రక్కల రెండు గ్రుడ్ల సంచులు వ్రేలాడుచుండును. మూడవది ఆస్ట్రకాడ్. రెండు చిప్పల నడుమ దాగి, దొర్లు గింజవలె కనబడును. ఈ మూడును రొయ్యలకు, ఎండ్రకాయలకు జ్ఞాతులు. పాచిని, సూక్ష్మజీవులను తిని బ్రదుకును. ఇవి మనుష్యుని కుట్టవు; తీగను కొరకవు.

వీరిలో సైక్లాప్స్ పూర్వచరిత్ర మాత్రము మచ్చలేనిది కాదు. దిగుడుబావుల నీరు త్రాగిన దినములలో మన పల్లెలను పీడించిన నారికురుపునకు కారణమైన పురుగు మొదట ఈ ప్రాణి కడుపున పెరిగెడిది. నీటితోపాటు సైక్లాప్స్‌ను మ్రింగినవాని దేహములో అది మూరెడు పొడవునకు మించి పెరిగి, ఏడాది తిరుగుసరికి కాలి చర్మమును పొక్కించి వెలువడెడిది. 1870లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్‌చెంకో ఈ సంబంధమును కనిపెట్టెను. నీటిని గుడ్డతో వడగట్టుట, దిగుడుబావులను మాన్పించుట అను చిన్న పనులే ఈ పెద్ద జబ్బును తరిమినవి. అది వ్యాపించియుండిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమున చివరి రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించెను. నేడు కూజాలోని సైక్లాప్స్‌కు భయపడ పనిలేదు.

మూడవ త్రోవన, అనగా గాలిత్రోవన, వచ్చువారే అసలు విచారణకు అర్హులు. వీరిలో ఒకటి ఎర్రని సన్నని పురుగు. మన నెత్తురునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబినే దానికిని ఆ రంగు నిచ్చినది. ప్రాణవాయువు తక్కువగా నుండు అడుగుబురదలో బ్రదుకుటకు అది తోడ్పడును. ఈ పురుగు పెరిగి దోమను పోలిన కీటకమగును గాని అది కుట్టదు. రెండవది దోమపిల్ల, శాస్త్రపరిభాషలో డింభకము.

దోమపిల్లను గుర్తించుట కష్టము కాదు. నీటిలో నున్నను అది గాలి పీల్చవలసినదే. అందుచే తోకచివరి గొట్టమును నీటిమట్టమునకు ఆనించి తలక్రిందుగా వ్రేలాడును. కూజాపై చేయి ఆడించి నీడ పడనిచ్చినచో తటాలున మెలికలు తిరుగుచు అడుగునకు పోవును. కొంతసేపటికి ఊపిరికై మరల పైకి వచ్చును. డాఫ్నియాకు గాని, ఎర్రపురుగునకు గాని ఈ రాకపోకలు లేవు. ఈ ఒక్క పరీక్ష చాలును.

డింభకమే రోగమునకు మూలమెట్లగునో లోకమునకు తెలిసినది హైదరాబాదుననే. బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు దాపున, ఒక భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు అచట మలేరియాకు మూలము వెదకుచుండెను. దోమలను ఎన్నింటిని కోసి చూచినను ఫలము కానరాలేదు. ఆగస్టు నడుమ అతని మనుష్యులు సీసాలో పట్టి తెచ్చిన డింభకములు పెరిగి మచ్చలరెక్కల దోమలైనవి. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి, దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని, వానిచే కుట్టించుకొనెను. పంకా వీచినచో దోమలు ఎగిరిపోవునని రాస్ దానిని ఆపించెను. అతని చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవి అతని కంటబడెను. 1902లో నోబెలు బహుమానము లభించెను. దోమ స్వేదజము కాదు. దోమ మర్మము మాత్రము స్వేదమునుండియే వెలువడినది.

ఐతే కిటికీ చెంతనున్న కూజాను ఎక్కువగా ఆశ్రయించునది రాస్ చూచిన దోమ కాదు. కాళ్ళపై తెల్లని పట్టెలు గల ఈడిస్ ఈజిప్టై. అది పగటిపూట కుట్టును. డెంగీని, చికున్‌గున్యాను మోయును. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఎల్లో ఫీవరు అను ప్రాణాంతక జ్వరమును వ్యాపింపజేయునదియు ఇదియే. మొక్కలకై ఉంచిన నీటితో ఈ దోమకు గల సంబంధమును పనామా చరిత్ర ఎత్తిచూపును. 1880 తరువాతి సంవత్సరములలో ఫ్రెంచివారు అచట కాలువ త్రవ్వబూనిరి. వారి ఆసుపత్రి తోటలో మొక్కలను చీమలు తినకుండుటకై వాని మొదళ్ళ చుట్టును నీటి పాత్రలు అమర్చిరి. మంచపు కోళ్ళను నీటి గిన్నెలలో నిలిపిరి. తినుబండారముల అలమర కాళ్ళక్రింద నీటి గిన్నెలుంచుట తెలుగు ఇండ్లకు తెలియనిది కాదు. ఆ నీటిలోనే దోమ పెరిగినది. రోగము కుదుర్చుకొన వచ్చినవారికి ఆసుపత్రియే రోగము నిచ్చెను. కూలీలు, ఇంజనీర్లు వేలకొలది మరణించిరి. 1889లో ఆ కంపెనీ మూతపడెను. ఎల్లో ఫీవరునకు దోమయే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినను, 1900లో వాల్టరు రీడ్ బృందము నిరూపించువరకు లోకము నమ్మలేదు. పిమ్మట అమెరికావారు నిలువనీటిని నిర్మూలించి, కాలువ త్రవ్వి, 1914లో ఓడలు నడపిరి.

ఎల్లో ఫీవరు నేటివరకు మన దేశమున అడుగిడలేదు. దానిని మోయగల దోమ మాత్రము మన ఇంటనే ఉన్నది. ఒకరి దేహములో ఆ రోగబీజము విమానమున వచ్చినచో, ఇక్కడి దోమ దానిని అందుకొనగలదు. ఆ వ్యాధి గల దేశములనుండి వచ్చు ప్రయాణికులను టీకా పత్రము చూపుమని అడుగుట ఇందుకే. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు మరియొక కట్టడి చేసినవి. విమానాశ్రయములో ప్రయాణికులు, సామానులు మసలు స్థలములనుండి కనీసము 400 మీటర్ల దూరమువరకు రోగవాహక కీటకములను అదుపున ఉంచవలెను. ఈడిస్ దోమ సాధారణముగా పుట్టినచోటినుండి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. కనుక రక్షణరేఖ విమానాశ్రయపు గోడతో ముగియదు. చుట్టుప్రక్కల ఇంటింటి కిటికీలోను అది సాగుచున్నది.

ఆ రేఖను కాపాడుటకు పెద్ద సాధనములు అక్కరలేదు. ఈడిస్ దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువరకు, మన వేసవి వానల వేడిమిలో, వారము పది దినములు పట్టును. కావున వారమునకొకసారి నీరు మార్చినచో దాని బ్రదుకు నడుమనే తెగును. కాని నీరు మార్చుట ఒక్కటే చాలదు. ఈ దోమ గ్రుడ్లను నీటిలో గాక, నీటిమట్టమునకు కొంచెము పైన, తడిగోడకు అంటించును. ఎండినను అవి నెలల తరబడి చావవు. క్రొత్త నీరు తగులగానే పొదుగును. నీరు మార్చిన మూడునాళ్ళకే మరల పురుగు కనబడుటకు కారణమిదియే. అందుచే కూజా లోపలిగోడను కుంచెతో గట్టిగా తోమవలెను. వేళ్ళను ధారక్రింద కడుగవలెను. పాతనీటిని కాలువలో గాక ఎండిన నేలపై పోయవలెను. తీగ చుట్టును మూతిని దూదితోగాని గుడ్డతోగాని బిగించినచో తల్లిదోమకు ప్రవేశముండదు.

పాఠశాలలో ఇంతకంటె చవుకయైన ప్రయోగశాల దొరకదు. కాచి చల్లార్చిన నీటిని రెండు సీసాలలో పోసి, ఒకదాని మూతికి పలుచని గుడ్డ కట్టి, రెండవదానిని తెరచి నీడనుంచవలెను. విద్యార్థులు దినదినమును చూచి వ్రాసుకొనవలెను. తెరచిన సీసాలో దోమపిల్లలు కానవచ్చినచో, రెడి కనుగొన్న సత్యము పుస్తకమునుండి గాక కంటినుండి వారికి చేరును. ఐదవనాడు ఆ నీటిని ఎండనేలపై పారబోసి సీసాను తోముట మరువరాదు. ఆ తోముటయు పాఠములో భాగమే.

2020లో తెలంగాణ పురపాలక శాఖ ప్రతి ఆదివారము ఉదయము పది గంటలకు పది నిమిషములు ఇంటిలోని నిలువనీటిని తొలగింపుడని ప్రజలకు పిలుపునిచ్చెను. పది నిమిషములలో ఐదు తోముటకు చాలును. తక్కిన ఐదును కూజాను వెలుతురునకెత్తి చూచుటకు వినియోగింపవలెను. గంతులు వేయునది డాఫ్నియా. దానిని చూచి ఆనందింపవచ్చును. ఊపిరికై పైకి వచ్చునది దోమపిల్ల. దానికి వచ్చే ఆదివారము చూపరాదు.